8 ఏళ్ల పిల్లా నేనే, 77 ఏళ్ల ముసలమ్మా నేనే: గొంతు ఎలా మార్చాలి?

గట్టుమీది_గొంతు
ముమ్మిడివరం దగ్గర మా ఊళ్లోనే ఒక గది సర్దుకుని మూడేళ్లుగా ఆడియో కథలు చదువుతున్నాను. ఇప్పుడొక పెద్ద పని వచ్చింది. గోదావరి మధ్యలో ఉండే లంక ఊరి ఆడమనిషి కథ. మూడు వరదలు, మూడు వయసులు. 1953 వరదకి ఆమెకి 8 ఏళ్లు, 1986కి 41, 2022 జూలైకి 77. కథంతా ఆమే చెబుతుంది, ఏ వరద దగ్గర ఆ వయసు గొంతుతో. మూడూ నేనే చెప్పాలి. నాకు 34.

శాంపిల్ పంపితే తిరిగొచ్చింది. "పెద్దావిడెవరో చిన్నపిల్లని వెక్కిరిస్తున్నట్టుంది. ముసలమ్మ నాటకంలో ముసలమ్మలా ఉంది. 41 బాగుంది" అన్నారు. పిల్లకి గొంతు బాగా పైకి లేపి, ర వచ్చిన చోటల్లా ల పలికాను. ముసలమ్మకి గొంతు సన్నం చేసి వణికించాను. రెండు రోజులు అలా చేసేసరికి గొంతు బొంగురుపోయింది. ఇంకో పది రోజులు గడువిచ్చారు. మా అమ్మమ్మ 53 వరద కళ్లారా చూసిన మనిషి, అందుకే ఈ పని వదులుకోవాలని లేదు. తప్పెక్కడుందో చెప్పండి.

పులస
ముందు గొంతుకి రెండ్రోజులు సెలవివ్వండి. మిగతాది ఆనక.

రాత్రి_డ్యూటీ
మాది పాలకొల్లు, హైదరాబాద్‌లో సౌండ్ పని. అంత కష్టం ఎందుకండీ? మామూలుగా చదివి పంపండి, సాఫ్ట్‌వేర్‌లో శ్రుతి నాలుగు మెట్లు పైకి జరిపితే పిల్ల, మూడు కిందికి జరిపితే ముసలమ్మ. పావుగంట పని.

సెకండ్_టేక్
పావుగంట పనే, వినేవాడు పావునిమిషంలో కట్టేస్తాడు. నేను 19 ఏళ్లుగా డబ్బింగ్ చెబుతున్నాను. మెషీన్‌లో పైకి జరిపిన గొంతు ఉడత మాట్లాడినట్టు ఉంటుంది. మాట తీరు 34 ఏళ్లదే, శ్రుతి ఒక్కటే మారింది. చెవి ఒప్పుకోదు.

ఆలమూరు_మావయ్య
అసలు 8 ఏళ్ల పిల్లతోనే చెప్పించొచ్చు కదమ్మా. మా వీధిలోనే నలుగురున్నారు, నోరు మూయరు.

సెకండ్_టేక్
@ఆలమూరు_మావయ్య గారూ, రెండు ముక్కలైతే అలాగే చేస్తాం. ఇది గంటలకొద్దీ ఉంటుంది. పిల్ల గంట కూర్చుంటే గొప్ప, తర్వాత ఆకలి, నిద్ర, రేపు పరీక్ష. మగపిల్లలతో ఇంకో చిక్కు. మేం చేసిన ఒక సీరియల్‌కి 13 ఏళ్ల కుర్రాడు చెప్పేవాడు, బంగారంలాంటి గొంతు. దసరా సెలవులకి ఊరెళ్లి వచ్చాడు. మైకు ముందు నోరు తెరిస్తే వాళ్ల నాన్న మాట్లాడినట్టుంది. ఒక్కసారిగా ఒక స్థాయి కిందికి దిగిపోయింది, మధ్యలో పగులుతోంది. వాడు ఏడ్చాడు, మేమూ బాధపడ్డాం. మిగతా భాగాలు ఒక ఆడమనిషి చెప్పింది. అందుకే మగపిల్లల పాత్రలకి ఆడవాళ్లనే పెడతారు చాలా చోట్ల.

కార్టూన్_పిచ్చి
జపాన్‌లో మసాకో నొజావా గారు అలాగే! 1936లో పుట్టారు. 1986 నుంచి డ్రాగన్ బాల్ కార్టూన్ హీరో గోకూకి గొంతు ఆవిడే. చిన్న గోకూ ఆవిడే, పెళ్లయి కండలు తిరిగిన గోకూ ఆవిడే, వాడి కొడుకు గోహాన్ కూడా ఆవిడే. నాకు జపనీస్ ముక్క రాదు, అయినా పెద్ద గోకూ నోరు విప్పితే "ఆ చిన్నోడే వీడు" అని తెలిసిపోతుంది. అదెలా చేస్తారో మాత్రం అర్థం కాదు.

లంక_టీచరమ్మ
మూడో తరగతి చెబుతాను. నా ముందు రోజూ 8 ఏళ్ల వాళ్లు ముప్పై మంది. అమ్మాయ్, నీ మొదటి తప్పు ఆ ల. 8 ఏళ్లకి ర ఖంగున పలుకుతుంది. ర ని ల చేసేది మూడేళ్ల పిల్ల. 6, 7 ఏళ్లప్పుడు ముందు పళ్లు ఊడి స దగ్గర కొంచెం గాలి పోతుంది, 8కి అది కూడా సర్దుకుంటుంది చాలామందికి. నువ్వు 8 ఏళ్ల పిల్ల చేత మూడేళ్ల పిల్ల మాట పలికించావు, అందుకే వెక్కిరింపులా వినపడింది.

వీళ్ల మాటలో నేను గమనించింది చెబుతాను. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలీదు వీళ్లకి. మనం వాక్యం చివర క్రియ పలికి, ఆగి, గాలి తీసుకుంటాం. వీళ్లు "మరేమోనండీ మా దూడేమో" అని అక్కడ గాలి అయిపోయి, గుక్క మింగి, "నీళ్లలోకి ఎల్లిపోయిందండీ" అని మిగతాది ఒక్క విసురులో అనేస్తారు. క్రియ దగ్గర ఆగరు, దాన్ని పట్టుకునే తర్వాతి వాక్యంలోకి దూకేస్తారు. ఇంకోటి, పెద్ద సంగతికీ చిన్న సంగతికీ ఒకటే బరువు. 2022లో మా బడే పునరావాస కేంద్రం. ఒక పిల్ల నా దగ్గరికొచ్చి "మా ఇల్లు ములిగిపోయిందండీ, నా పెన్సిలు కూడా పోయిందండీ" అంది. రెండూ ఒకే గొంతుతో. ఇల్లు దగ్గర గొంతు తగ్గించలేదు, పెన్సిలు దగ్గర పెంచలేదు. మనం చదివితే ఇల్లు దగ్గర ఏడుపు పెట్టేస్తాం.

గట్టుమీది_గొంతు
@లంక_టీచరమ్మ గారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. నా శాంపిల్‌లో ఇల్లు మునిగిన చోట సరిగ్గా అదే చేశాను, గొంతు దిగేసింది. అదే 34 ఏళ్ల గొంతు అన్నమాట.

స్వరపేటిక
కాకినాడలో స్పీచ్ థెరపీ చేస్తాను. టీచరుగారు మాట సంగతి చెప్పారు, నేను యంత్రం సంగతి చెబుతాను.

మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు మగవాళ్లలో సెకనుకి సుమారు 120 సార్లు కొట్టుకుంటాయి, ఆడవాళ్లలో 200 చిల్లర, ఎనిమిదేళ్ల పిల్లల్లో 250 పైన. అంటే మీకూ ఆ పిల్లకీ శ్రుతిలో ఉన్న ఎడం మీరనుకున్నంత లేదు. పెద్ద తేడా గొట్టంలో ఉంది. స్వరతంత్రుల నుంచి పెదాల దాకా గాలి నడిచే దారి మగవాళ్లలో దాదాపు 17 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 14, 15, పసిపాపలో మగవాళ్లకున్న దాంట్లో సగం. చెంబు మీద కొడితే ఒక మోత, బిందె మీద కొడితే ఒక మోత. శ్రుతి ఒక్కటే పెంచితే అది బిందెని గట్టిగా కొట్టడమే, చెంబు అవ్వదు.

దారిని కొంచెం పొట్టి చేసుకునే వీలుంది. పెదాల కొసలు నవ్వుతున్నట్టు వెనక్కి లాగండి, నాలుక కొంచెం ముందుకి తెండి, నోటి వెనక భాగం తేలిగ్గా ఉంచండి. బిగపట్టకండి. మీ గొంతు బొంగురుపోయింది బిగపట్టినందుకే.

ఇక ముసలమ్మ. ఇక్కడ మీరు తలకిందులు చేశారు. ముట్లు ఆగిపోయాక ఆడవాళ్ల స్వరతంత్రులు కొంచెం ఉబ్బి బరువెక్కుతాయి, శ్రుతి కిందికి దిగుతుంది. మగవాళ్లకి వయసు మీద పడితే పల్చబడతాయి, శ్రుతి పైకి పోతుంది. ముసలాయన గొంతు సన్నబడుతుంది, ముసలావిడ గొంతు లావవుతుంది. మీరు ముసలమ్మకి సన్నగొంతు పెట్టారు.

పూతరేకు
స్వరపేటిక గారు చెప్పింది మా ఇంట్లోనే జరిగింది. మా నాన్న చేలో నిలబడి కేకేస్తే ఏటిగట్టు మీద వినపడేది. 70 దాటాక ఫోనెత్తితే అవతలివాళ్లు "అమ్మా, అయ్యగారున్నారా" అంటున్నారు. నాన్న మనసు కష్టపెట్టుకుని ఫోన్ ఎత్తడమే మానేశారు. జబ్బేమోనని చూపించాం. ఏం లేదన్నారు, వయసే. ఆ ముక్క ముందే తెలిస్తే అన్నాళ్లు దిగులు పడేవారు కాదు.

పులస
మా ఇంట్లో ఫోనెత్తితే మామ్మని "సార్" అంటారు. మామ్మకి అదే ఇష్టం, బ్యాంకువాళ్లు భయపడతారని.

బొమ్మలాట_మనవడు
మా తాతది మాధవపట్నం వైపు, తోలుబొమ్మలు ఆడించేవాడు. తెర వెనక ఒక్కడే జుట్టుపోలిగాడికీ కేతిగాడికీ చెప్పేవాడు, బంగారక్కకి మా నాయనమ్మ. శ్రుతి సంగతీ గొట్టం సంగతీ ఆయనకి తెలీదు. గొంతు మార్చేముందు ఒళ్లు మార్చేవాడు. ముసలి బొమ్మ చేతికి తీసుకుంటే తనూ మోకాళ్లు వంచి నడుం వాల్చేవాడు. కుర్ర బొమ్మయితే కాలికింద చెక్క టకటకలాడాల్సిందే. నేను చిన్నప్పుడు అడిగాను, నిన్ను ఎవరూ చూడరు కదా ఎందుకు వంగుతావని. "నేను వంగకపోతే మాట వంగదురా" అన్నాడు. మీరు కుర్చీలో నిటారుగా కూర్చుని ముగ్గురికీ చెబుతున్నారేమో చూసుకోండి.

సెకండ్_టేక్
తాతగారంటే గౌరవమే, కానీ ఆ పద్ధతి మైకుకి పనికిరాదు బాబూ. బొమ్మలాట వెనక వరసలో కూర్చున్నవాడి కోసం. ఏ గొంతయినా పదింతలు చేసి చూపించాలి. మైకు జానెడు దూరంలో ఉంటుంది, వినేవాడు చెవిలో పెట్టుకుని వింటాడు. ఈవిడ ముసలమ్మ స్టేజీ ముసలమ్మ అయింది అందుకే.

బొమ్మలాట_మనవడు
@సెకండ్_టేక్ అన్నా, గొంతు పదింతలు చెయ్యమని నేనెక్కడన్నాను? ఒళ్లు వంచమన్నాను. పొట్ట నొక్కుకుపోతే గాలి తక్కువ పడుతుంది, గాలి తక్కువైతే వాక్యం మధ్యలో ఆగాల్సి వస్తుంది. ఆ ఆగడం నటించక్కర్లేదు, అదే వస్తుంది. వణుకు పెట్టుకోవడం కంటే నయం కాదా?

సెకండ్_టేక్
అది ఒప్పుకుంటాను. నేనూ ముసలి పాత్రకి కుర్చీ అంచున ముందుకి వంగే కూర్చుంటాను, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు.

స్వరపేటిక
ఊపిరితిత్తుల పట్టు తగ్గడం, నోరు ఎండిపోవడం, పళ్లు లేక త, ద, స మెత్తబడటం, వినికిడి తగ్గడం. వణుకు ఈ వరసలో చివర వస్తుంది, అందరికీ రాదు కూడా.

ఆలమూరు_మావయ్య
వినికిడి తగ్గితే గట్టిగా మాట్లాడతారు. మా అత్తగారు రహస్యం చెబితే సెంటర్‌లో వినపడుతుంది.

కోటిపల్లి_పంటు
అందరూ గదిలో కూర్చుని మాట్లాడుకునే గొంతు గురించే చెబుతున్నారు. కథ వరదది. 86 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ హోరులో మామూలు గొంతు పక్కనున్నవాడికే వినపడదు. మా నాన్న రేవులో పడవ వేసేవాడు, ఆ రాత్రి అరిచి అరిచి వారం పాటు మాట రాలేదట. హోరులో అరిస్తే ఎవరి గొంతైనా పైకే పోతుంది. 41 ఏళ్ల మనిషి గట్టు మీంచి కేకేస్తే, అరుగు మీద కూర్చున్న 8 ఏళ్ల పిల్ల గొంతు కంటే పైన ఉంటుంది. మరి సన్నగొంతంటే పిల్ల, లావుగొంతంటే ముసలి అని లెక్క పెట్టుకుంటే అక్కడ ఏం చేస్తారు?

గట్టుమీది_గొంతు
ఆ సీను ఉంది. పిల్లల్ని గట్టెక్కించి ఆవుని విప్పమని భర్తని కేకేస్తుంది. నేను మామూలుగానే చదివేశాను.

నర్సాపురం_లేసు
మరి 41 బాగుందన్నారని వదిలేస్తారా? అది మీ సొంత గొంతు, అందుకే వంక పెట్టలేదు. నాకు 43. 34లో ఉన్న గొంతు నాకిప్పుడు లేదు. సన్నబడిందో లావయిందో తెలీదు, మాట పొట్టిదయింది. మేం లేసు అల్లుతూ మాట్లాడుకుంటాం. చెయ్యి ఆగదు, కళ్లు దారం మీదే. మాట చెయ్యి ప్రకారం తెగుతుంది. "బియ్యం డబ్బా... ఆ, అటకెక్కించు. నువ్వు కాదు, పెద్దోడు." వరదొచ్చే ఇంట్లో ఆ వయసు ఆడమనిషి చేతులు ఖాళీగా ఉంటాయా? రికార్డు చేసేటప్పుడు చేతికి ఏదో ఒక పని పెట్టుకోండి. చప్పుడు రానిది.

పులస
చిక్కుళ్లు వలవండి. చప్పుడు రాదు, రాత్రికి కూర కూడా.

సెకండ్_టేక్
నర్సాపురం చెప్పింది చాలా పెద్ద మాట. మా పనిలో అందరూ పిల్లల గొంతు కష్టం, ముసలి గొంతు కష్టం అంటారు. నన్నడిగితే నడివయసే కష్టం. దానికి పట్టుకోడానికి ఆనవాలేదీ ఉండదు. ఎవరితో మాట్లాడుతోంది, ఏం పని చేస్తోంది, అదే వయసు.

రాత్రి_డ్యూటీ
సాఫ్ట్‌వేర్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. శ్రుతికి ఒక మీట, గొట్టానికి ఒక మీట విడివిడిగా ఉంటాయి నిజమే, కానీ టీచరుగారు చెప్పిన గుక్క మింగడానికి మీట లేదు.

నా వైపు నుంచి పనికొచ్చేవి చెబుతాను. మీ మైకు ఒకవైపు నుంచే తీసుకునే రకం అయితే, దగ్గరికి జరిగేకొద్దీ బేస్ పెరుగుతుంది. పిల్లకి అడుగున్నర దూరం జరగండి, ఆ బరువు దానంతటదే పోతుంది. ముసలమ్మకి జానెడు దూరానికి రండి, పాప్ ఫిల్టర్ (ప, బ దగ్గర గాలి మైకుకి కొట్టకుండా ఆపే జల్లెడ) అడ్డం పెట్టండి, గొంతు నొక్కకుండానే బరువొస్తుంది. కేకలకి మూడడుగులు వెనక్కెళ్లి మొహం కొంచెం పక్కకి తిప్పండి.

వేళ కూడా ముఖ్యం. నిద్ర లేవగానే స్వరతంత్రులు ఉబ్బి ఉంటాయి, గొంతు కిందికి ఉంటుంది. ముసలమ్మని తెల్లవారుజామున చెయ్యండి, కాకులూ పాల బళ్లూ మొదలవక ముందే. పిల్లని పదకొండు తర్వాత, గొంతు తేలిపడ్డాక. ఒకే రోజు మూడూ చెయ్యకండి.

స్వరపేటిక
@రాత్రి_డ్యూటీ వేళల సంగతి సరైనదే. ఒక జాగ్రత్త. గరగర కోసం గొంతు నొక్కి పలకొద్దు. నా దగ్గరికొచ్చే వాళ్లలో టీచర్లు, కూరగాయల బళ్లవాళ్లు, పాస్టర్లు, మిమిక్రీ కుర్రాళ్లు ఎక్కువ. స్వరతంత్రుల మీద కాయలు కాసి వస్తారు. బొంగురు రెండు మూడు వారాలు దాటి ఉంటే ఆలస్యం చెయ్యకుండా ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి. గొంతు పోయిందని గుసగుసలాడొద్దు, దానివల్ల ఇంకా అలసిపోతుంది. గ్లాసులో నీళ్లు పోసి స్ట్రా ముంచి, బుడగలొచ్చేలా "ఊ" అని ఐదు నిమిషాలు. మైకుకి ముందూ తర్వాతా.

పూతరేకు
మా పిల్లాడు కొబ్బరిబోండంలో రోజూ చేసే పని అదే, తిడుతుంటాను.

కార్టూన్_పిచ్చి
నా ప్రశ్న ఇంకా ఉంది. మూడూ బాగా మారిపోతే ముగ్గురు ఆడవాళ్లయిపోరా? ఒకటే మనిషి అని తెలియాలి కదా.

నర్సాపురం_లేసు
ఏదో ఒకటి మారకుండా ఉంచాలి. మా చిన్నత్తకి 70 దాటాయి, "అమ్మ బాబోయ్" అంటే బా దగ్గర చిన్న ఎక్కిలి. చిన్నప్పుడూ అంతేనట, ఆవిడ అక్కలు చెబుతారు. అలాంటిదొకటి పెట్టుకోండి. 8లో ఉన్నది 77లోనూ ఉండాలి.

లంక_టీచరమ్మ
పుస్తకంలో వెతక్కు. నీకు అమ్మమ్మ ఉంది కదమ్మా.

గట్టుమీది_గొంతు
నాలుగు రోజులు గొంతుకి సెలవిచ్చి అమ్మమ్మ దగ్గరికి వెళ్లొచ్చాను. అమ్మమ్మకి ఇప్పుడు 80. అడిగి, ఒప్పుకున్నాకే ఫోన్ మంచం మీద పెట్టాను.

మీరు చెప్పినవన్నీ ఉన్నాయి. గొంతు నా గొంతు కంటే కిందే ఉంది, ఇన్నేళ్లూ నేను గమనించనే లేదు. గట్టిగా మాట్లాడుతుంది. వణుకు మంచం మీంచి లేచేటప్పుడు వచ్చింది, కూర్చున్నాక పోయింది. మనుషుల పేర్ల ముందు ఆగుతుంది, వెతుక్కున్నట్టు. పేరు దొరికాక వాక్యం చకచకా నడుస్తుంది.

కానీ నేను వెళ్లింది వీటి కోసమే అయినా, దొరికింది వేరు. తమ్ముడు ఫోన్ చేస్తే వాడితో మాట్లాడిన గొంతుకి 60 ఏళ్లుంటాయి. గేదెని అదిలించినప్పుడు 40. 53 వరద చెబుతూ, తను చూరెక్కి కూర్చుని, కొట్టుకుపోతున్న దూడని ఎలా పిలిచిందో చూపించింది. "గౌరీ, గౌరీ, ఇటు రాయే" అని. ఈసారి పేరు ముందు ఆగలేదు. రెండో గౌరీ దగ్గర గుక్క మింగింది, టీచరుగారు చెప్పినట్టే, తప్పు చోట. 80 ఏళ్ల గొంతుతోనే, బరువూ గరగరా అన్నీ ఉండగానే, అది ఎనిమిదేళ్ల పిల్ల. పిలిచాక కాసేపు ఏం మాట్లాడలేదు. నేనూ ఫోన్ ఆపలేదు.

బొమ్మలాట_మనవడు
అక్కా, మారకుండా ఉంచాల్సింది నీకు దొరికింది.

సెకండ్_టేక్
ఇన్నేళ్లుగా నేను మనిషికి ఒక వయసు అనుకుని చెబుతున్నాను. ఎవరితో మాట్లాడుతున్నారన్నదాన్ని బట్టి మారుతుందని చూడలేదు. ఈ సారి పెద్ద వయసు పాత్ర వస్తే కొడుకుతో ఒకలా, మనవడితో ఒకలా చెప్పి చూస్తాను. థాంక్స్ అమ్మా.

ఆలమూరు_మావయ్య
దూడ దొరికిందా మరి?

గట్టుమీది_గొంతు
లేదండీ.

గట్టుమీది_గొంతు
గడువుకి పంపేశాను, ఇవాళ జవాబొచ్చింది. 8 ఒప్పుకున్నారు. 41 మళ్లీ చేసి పంపితే "ముందుదే బాగుందనుకున్నాం, ఇది విన్నాక కాదు" అన్నారు (చిక్కుళ్లే వలిచాను, రెండు కేజీలు). కేకల సీను గది బయట వరండాలో నిలబడి చేశాను. 77లో ఒక చోట "ముసలావిడ మరీ గట్టిగా మాట్లాడుతోంది, తగ్గించండి" అన్నారు. ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవు, ఎదుటివాళ్లకీ వినపడదని అనుకుంటుంది అని రాశాను. ఉంచమన్నారు.

లంక_టీచరమ్మ
పెన్సిలు మాట కథలో ఉందా?

గట్టుమీది_గొంతు
లేదండీ. రాసినావిడని అడిగి ఒక లైను పెట్టించాను. పెన్సిలు కాదు, 53 కదా, పలక.